నిద్రకు సాక్షి

నిద్ర లేచిన మనిషి తాను హాయిగా పడుకున్నానని, ఏమీ తెలియలేదని చెప్పే మామూలు మాట మీద మన దర్శనకారులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. అద్వైతుల దృష్టిలో ఆ మాట ఒక జ్ఞాపకం; జ్ఞాపకం ఉన్నదంటే దాని వెనుక అనుభవం ఉండి తీరాలి కనుక, కలలు కూడా లేని గాఢనిద్రలో, అంటే సుషుప్తిలో, మనసు అణగిపోయినా చూసే సాక్షి మాత్రం మేలుకొనే ఉంటాడని వారు తేల్చారు. న్యాయదర్శనం వారైన నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. సుషుప్తిలో మనసు పురీతత్తు అనే నాడిలోకి చేరుతుందని, అప్పుడు ఏ జ్ఞానమూ పుట్టదని, లేచిన తరువాత కనిపించే గుర్తులను బట్టి మనిషి తన నిద్రను ఊహించుకుంటాడే తప్ప గుర్తు చేసుకోడని వారి వాదం. కనిపించిన గుర్తు నుంచి కనిపించనిదాన్ని ఇలా తెలుసుకోవడాన్నే వారి పరిభాషలో అనుమానం అంటారు. ఎవరు గెలిచారన్నది పండితులకే వదిలిపెట్టవచ్చు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు, ఉన్న మనిషి విషయంలో మాత్రం నైయాయికుల పక్షమే బలంగా కనిపిస్తుంది. హాయిగా పడుకున్నానని అతను చెప్పే మాట చాలాసార్లు నిజం కాదు, నిజం కాదన్న సంగతి అతనికి తెలియదు.

ముక్కు వెనుక నుంచి స్వరపేటిక వరకు ఉండే గొంతు దారికి ఎముకల ఆసరా లేదు. నాలుక మొదలు, మెత్తని అంగిలి, కొండనాలుక, వాటి చుట్టూ ఉన్న కండరాలు కలిసి ఆ దారిని తెరిచి ఉంచుతాయి. మెలకువలో ఆ కండరాలు బిగువుగా ఉంటాయి, నిద్రలో సడలుతాయి, వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. మెడ చుట్టూ కొవ్వు చేరినవారికి, కింది దవడ చిన్నదిగా ఉన్నవారికి, టాన్సిల్స్ పెరిగినవారికి ఆ దారి ముందే ఇరుకు. ఇరుకు దారిలో పోయే గాలి గోడలను అదరగొట్టినప్పుడు వచ్చే చప్పుడు గురక. గోడలు అతుక్కుపోయి, ఛాతీ ఎంత లాగినా కనీసం 10 సెకన్ల పాటు గాలి కదలకపోతే అది ఆప్నియా. పూర్తిగా మూసుకోకుండా గాలి బాగా తగ్గిపోతే దాన్ని హైపాప్నియా అంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగేసరికి మెదడు ఉలిక్కిపడి కండరాలను బిగిస్తుంది, దారి తెరుచుకుంటుంది, ఒక పెద్ద గురకతో ఊపిరి మళ్లీ మొదలవుతుంది, మెదడు తిరిగి నిద్రలోకి జారుతుంది. ఆ మెలకువ కొద్ది సెకన్లదే కనుక జ్ఞాపకంలో నిలవదు. గంటకు సగటున ఇలాంటివి ఎన్ని జరిగాయన్న లెక్కకు ఏహెచ్‌ఐ అని పేరు. అది 5 నుంచి 15 వరకు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యమం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 చొప్పున ఏడు గంటలు పడుకున్న మనిషికి ఒక్క రాత్రిలో 210 సార్లు ఊపిరికి అడ్డు తగులుతుంది, తెల్లవారాక అతను కాఫీ తాగుతూ బాగా నిద్రపట్టిందంటాడు. గురకను గాఢనిద్రకు గుర్తుగా తీసుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు కనుక విన్నవాళ్లూ ఆ మాటను కాదనరు.

పతంజలి యోగసూత్రాలకు వ్యాసుడి పేరిట ఉన్న భాష్యం నిద్రను ఇంకొంచెం నిశితంగా చూసింది. లేచాక మనసు తేటగా ఉండే నిద్ర ఒకటి, మనసు నిలకడ లేకుండా తిరిగేది ఒకటి, అవయవాలు బరువెక్కి, మనసు అలసి, లోపలిదేదో ఎవరో దోచుకుపోయినట్టు మిగిలే నిద్ర మరొకటి అని అది మూడు రకాలు చెప్పింది. ఈ మూడవ వర్ణనను స్లీప్ ఆప్నియా రోగి ఉదయానికి ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. అయితే రోగి ఆ బరువును నిద్రకు అంటగట్టడు. షుగరని, వయసని, డ్యూటీ షిఫ్టులని, ఎండలని ఏదో ఒకటి చెబుతాడు. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవవలసి వస్తే ప్రోస్టేట్ అనుకుని ఆ డాక్టరు దగ్గరికి వెళతాడు. మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగేటప్పుడు ఛాతీలో పీడనం మారి, గుండె పై గదులు సాగి, అవి వదిలే ఒక హార్మోన్ మూత్రపిండాల చేత ఎక్కువ నీరు వెళ్లగొట్టిస్తుందన్నది అతని ఊహకు అందే విషయం కాదు. మందులు పెంచుతున్నా దిగని రక్తపోటుకు, పొద్దుటి తలనొప్పికి, మధ్యాహ్నం బల్ల మీదికి వాలిపోయే తలకు కూడా మూలం రాత్రి ఆగే ఆ ఊపిరే కావచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌లో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో ఈ జబ్బును ముందుగా పట్టుకునేది చాలావరకు భార్యలే. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయిన తరువాత, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి రైల్వే కొలువుల కోసం, ఆ పైన పక్కనున్న భిలాయి ఉక్కు కర్మాగారంలో పని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలలో పాత తరం వాళ్లకు విడి పడకగది అంటూ ఉండేది కాదు. రైల్వే క్వార్టర్లలో ఇంటిల్లిపాదీ ఒకే వరసన పడుకునేవారు, ఏప్రిల్ దాటితే మంచాలు ఆరుబయటికి చేరేవి, ఎవరి గురక ఎలాంటిదో పక్క క్వార్టరుకు కూడా తెలిసేది. అప్పట్లో అది వేళాకోళానికి పనికొచ్చే సంగతి. ఏసీ గదులు, మూసిన తలుపులు వచ్చాక ఆ చప్పుడు వినేవాళ్లు ఒక్కరికి తగ్గిపోయారు. గురక వినిపిస్తున్నంతసేపు భార్య విసుక్కుంటుంది. గురక ఆగినప్పుడు భయపడుతుంది. నిశ్శబ్దం సాగేకొద్దీ లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ, భుజం తట్టాలా వద్దా అని తటపటాయిస్తూ గడిపే ఆమె రాత్రులు ఏ వైద్య నివేదికలోనూ నమోదు కావు. తెలుగు స్త్రీల పాటల్లో ఊర్మిళాదేవి నిద్రకు ఒక చోటు ఉంది. అడవిలో లక్ష్మణుడు మేలుకొని ఉన్న పద్నాలుగేళ్లూ అయోధ్యలో ఆమె నిద్రపోయింది. ఈ ఇళ్లలో ఆ పంపకం సగమే జరుగుతుంది: భార్య మేలుకొని ఉంటుంది, భర్తకు మాత్రం నిద్ర దక్కదు.

ఆసుపత్రిలో డాక్టరు హిందీలో అడుగుతాడు, భర్త ఛత్తీస్‌గఢీ యాస కలిసిన హిందీలో అంతా బాగానే ఉందని చెబుతాడు, భార్య సగం తెలుగులో, సగం హిందీలో అసలు సంగతి చెబుతుంది, ఇక్కడే పుట్టి పెరిగిన కొడుకో కూతురో మిగిలినది పూర్తి చేస్తారు. మన తర్కశాస్త్ర విద్యార్థులు మొదట చదివే తర్కసంగ్రహంలో అన్నంభట్టు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పి, శబ్దమంటే ఆప్తుడి మాట అని, ఆప్తుడంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడని వివరించాడు. ఆ లెక్కన ఈ జబ్బులో ఆప్తవాక్యం భార్యదే. రోగి తన నిద్ర గురించి చెప్పేది కచ్చితంగా చెప్పాలంటే అనుమానం, అదీ తప్పుడు అనుమానం. ఈ మధ్య కొందరు గృహిణులు భర్త గురకను, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని ఫోనులో పట్టి పొద్దున్నే వినిపిస్తున్నారు. తన గొంతు తనకే పరాయిదిగా వినిపించే ఆ నిమిషంలో ఎంతటి మొండివాడైనా కొంత తగ్గుతాడు. ఆ తరువాతి పరీక్ష పాలిసోమ్నోగ్రఫీ: తలకు, కళ్ల దగ్గర, గడ్డం కింద తీగలు అతికించి, ఛాతీకి, పొట్టకు పట్టీలు కట్టి, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి ఒక రాత్రి నిద్రను కాగితం మీదికి దించడం. భార్య ఏళ్ల తరబడి చెప్పినదాన్ని నమ్మనివాడు ఆ గ్రాఫును మారుమాట లేకుండా నమ్ముతాడు. ఇందులో న్యాయం లేదు, కానీ పని జరుగుతుంది.

వైద్యశాస్త్రం కూడా ఈ జబ్బును ఆలస్యంగానే చూసింది. 1956లో అమెరికా వైద్యులు కొందరు స్థూలకాయం, పగటి మగత కలిసిన ఒక రోగి స్థితికి డికెన్స్ నవలలో ఎప్పుడూ కునికిపాట్లు పడే కుర్రవాడిని తలచుకుని, ఆ నవల మీదుగా పిక్‌విక్ పేరు పెట్టారు. మగతకు కారణం రాత్రి ఆగుతున్న ఊపిరేనని 1965లో ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు విడివిడిగా గుర్తించారు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన క్రిస్టియన్ గియెమినో బృందం 1976లో దీనికి స్లీప్ ఆప్నియా సిండ్రోమ్ అన్న పేరు స్థిరపరిచింది. తీవ్రమైన కేసులకు అప్పటికి ఉన్న గట్టి చికిత్స ఒక్కటే, ట్రాకియాస్టమీ, అంటే మెడ ముందు వైపు రంధ్రం చేసి శ్వాసనాళంలోకి గొట్టం పెట్టడం. 1980లో సిడ్నీలో ఆ శస్త్రచికిత్స వద్దన్న ఒక రోగి మీద కోలిన్ సలివన్ అనే వైద్యుడు వేరే ఆలోచనను పరీక్షించాడు: ముక్కుకు సరిపడేలా చేసిన మాస్కును జిగురుతో అతికించి, వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటి దానితో గాలిని లోపలికి తోయించాడు. ఆ రాత్రి ఆ మనిషి గొంతు మూసుకోలేదు. ఐదుగురు రోగుల ఫలితాలతో 1981లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసంతో సీప్యాప్ పుట్టింది. ఆ పొట్టి పేరుకు అర్థం వాయుమార్గంలో ఎడతెగకుండా కొంత అదనపు పీడనం నిలిపి ఉంచడం.

ఆ పీడనం ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. యంత్రాలు మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానమైన పీడనం ఇస్తాయి. 10 సెంటీమీటర్లంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో దాదాపు నూరో వంతు. వాలిపోతున్న గుడారాన్ని లోపలి నుంచి గాలి నింపి నిలబెట్టినట్టు ఆ కొద్దిపాటి ఒత్తిడి గొంతు గోడలను దూరంగా ఉంచుతుంది. యంత్రం ఊపిరి పీల్చిపెట్టదు, మామూలు గదిగాలినే తప్ప ఆక్సిజన్‌ను ఇవ్వదు. అయినా దాన్ని ఆక్సిజన్ మిషన్ అనేవారే ఎక్కువ, అలా అనడం వెనుక ఒక భయం ఉంది. 2021 ఏప్రిల్‌లో రాయపూర్ కోవిడ్‌తో అల్లాడినప్పుడు ముఖానికి మాస్కు, గొట్టం ఉన్న మనిషి అంటే ఐసీయూలో ఉన్న మనిషి. ఆ దృశ్యం ఇంకా మాసిపోని ఇంట్లో అదే ఆకారం మంచం మీద కనిపిస్తే పిల్లలు హడలిపోతారు, చూడవచ్చిన బంధువు గొంతు తగ్గించి మాట్లాడతాడు. సింహాసనం, గ్యాంగ్ లీడర్ పాటలతో తెలుగువారికీ దగ్గరైన బప్పీ లాహిరి 2022 ఫిబ్రవరిలో మరణించినప్పుడు కారణంగా ఈ జబ్బు పేరు వార్తల్లోకి వచ్చింది. అప్పటి నుంచి భయం మాస్కు మీది నుంచి కొంత జబ్బు మీదికి మళ్లింది, అది మంచికే.

అలవాటు పడటం అన్న మాట చిన్నదే కానీ దాని కింద చాలా పని ఉంది. మొదటి రాత్రుల్లో గాలి బయటికి వదలడమే కష్టమనిపిస్తుంది. అందుకే తక్కువ పీడనంతో మొదలై నిద్ర పట్టేసరికి అసలు పీడనానికి చేరే ర్యాంప్ అనే ఏర్పాటు యంత్రాల్లో ఉంటుంది. మాస్కు చూస్తేనే గుండె దడ పుట్టేవారు దాన్ని పగటిపూట, టీవీ ముందు కూర్చుని కొంతసేపు పెట్టుకుని, ముఖానికి ముందుగా పరిచయం చేయడం మేలని నిపుణులు చెబుతారు. మాస్కుల్లోనూ రకాలున్నాయి: ముక్కు మీద కూర్చునేవి, ముక్కు రంధ్రాలకు మాత్రమే ఆనేవి, నోటిని కూడా కప్పేవి. గాలి కారుతోందని పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది తప్ప కారడం తగ్గదు. గుబురు మీసం, గడ్డం అంచు కింద సందులు చేస్తాయి. పడుకునే ముందు తలకు, ముఖానికి రాసుకున్న కొబ్బరినూనె సిలికాన్‌ను జారుడుగా చేసి త్వరగా పాడుచేస్తుంది. స్త్రీల విషయంలో ముక్కుపుడక వస్తుంది. విదేశాల్లో అచ్చయిన సూచనల పుస్తకంలో దాని ప్రస్తావన దొరకదు, కానీ పుడక తీయడం అశుభమని నమ్మే ముత్తైదువకు మాస్కు వద్దనడానికి ఆ ఒక్క కారణం చాలు. ముక్కు మీది మాస్కును వదిలి నోటినీ ముక్కునూ కలిపి కప్పే వెడల్పు రకం వాడితే పుడక అంచుకు తగలకుండా లోపలే ఉండిపోయి, ఆచారం, ఊపిరి రెండూ నిలుస్తాయి.

రాయపూర్ వాతావరణం కూడా తన వంతు పరీక్ష పెడుతుంది. సిల్తరా, ఉర్లాల్లోని స్పాంజ్ ఐరన్ కర్మాగారాల మసి డాబాల మీద నల్లగా పేరుకునే ఈ ఊళ్లో యంత్రం వెనుక ఉండే చిన్న ఫిల్టరు కంపెనీవారు రాసిన గడువు కన్నా ముందే రంగు మారుతుంది. ఆ నలుపును చూసినవారికి ఫిల్టరు లేని తమ ఊపిరితిత్తుల గురించి ఒక్క క్షణమైనా ఆలోచన రాక మానదు. మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే పొడి వేడికి గొంతు ఎండుతుంది కనుక గాలిని తడిపే హ్యుమిడిఫైయర్ కావాలి, అందులో లవణాలు లేని డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బ్యాటరీ దుకాణంలో దొరికే నీళ్లను అందుకు వాడకూడదు. డిసెంబరు చలిలో ఇదే తడి ఇంకో విధంగా తిరగబడుతుంది: వెచ్చని తేమ చల్లని గొట్టంలో నీరుగా మారి అర్ధరాత్రి ముక్కులోకి చుక్కలుగా రాలుతుంది, దానికి మందు గొట్టాన్ని దుప్పటి కిందికి తీసుకోవడం. ఇక చప్పుడు గురించిన ఫిర్యాదు మాత్రం వినడానికి వింతగా ఉంటుంది. కిటికీకి తగిలించిన పెద్ద కూలరు మోతలో ఇరవై వేసవులు నిద్రపోయిన మనిషి, దానిలో పదో వంతైనా వినిపించని ఈ యంత్రం చప్పుడుకు నిద్ర రావడం లేదంటాడు. అతనికి అడ్డమైనది చప్పుడు కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

అడ్డమైనది తనకు జబ్బుందని లోపలి నుంచి ఏ ఆధారమూ దొరకకపోవడం. పన్ను నొప్పి ఉన్నవాడు నొప్పి తగ్గడానికి మందు మింగుతాడు. ఇక్కడ రోగికి నొప్పి లేదు, తాను బాగానే పడుకుంటున్నానన్న నమ్మకం ఉంది, ఆ నమ్మకాన్ని పక్కనపెట్టి, మరొకరి మాట మీద, ప్రతి రాత్రీ అసౌకర్యాన్ని ఎంచుకోవాలి. అందువల్ల సీప్యాప్‌కు అలవాటు పడటమంటే ముక్కుకు మాస్కు అలవాటు కావడం కన్నా ముందు, తన నిద్ర గురించి తన మాట చెల్లదని ఒప్పుకోవడం. మొదట్లోనే విసిరికొట్టేవారిలో చాలామంది ఓడిపోయేది ఈ చోటే.

ఆ దశ దాటినవారికి అనుకోని సాక్ష్యం ఒకటి లోపలి నుంచే వస్తుంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశను, కనుగుడ్ల కదలికను బట్టి 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ గుర్తించారు. దాన్ని ఆర్ఈఎం నిద్ర అంటారు. ఆ దశలో ఒంటి కండరాలు దాదాపు పూర్తిగా వదులైపోతాయి కనుక చాలామందిలో గొంతు ఎక్కువగా మూసుకునేది అప్పుడే, నిద్ర తెగిపోయేదీ అప్పుడే. యంత్రం దారి తెరిచి ఉంచిన తొలి రాత్రుల్లో శరీరం కోల్పోయిన ఆ దశను బాకీ వసూలు చేసుకున్నట్టు ఎక్కువగా తీసుకుంటుంది, ఏళ్లుగా కలలే రాని మనిషికి రంగురంగుల కలలు వరసగా వస్తాయి. మాండూక్య ఉపనిషత్తు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని విడదీసిన అవస్థల్లో నడిమిది తనకు ఇన్నాళ్లూ లేదన్న సంగతి అతనికి అప్పుడు తెలుస్తుంది. అద్వైతి ఇక్కడ కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. కలను చూసినవాడు ఆ మనిషే, దానికి భార్య సాక్ష్యం అక్కర్లేదు.

యంత్రం ప్రతి ఉదయం తెర మీద చూపించే అంకెలు ఇంకొక సంగతి. నిన్న రాత్రి ఏహెచ్‌ఐ ఎంత, మాస్కు ఎన్ని గంటలు ముఖాన ఉంది అని చూసుకోవడం కొందరికి జాతకం చూసుకోవడంలా తయారవుతుంది. అంకె బాగుంటే హుషారు, బాగాలేకపోతే నీరసం. ఒక అనుమానాన్ని వదిలి ఇంకో అనుమానానికి దాసులు కావడం ఇది. రాత్రికి కనీసం 4 గంటలు వాడాలన్న కొలత కూడా బీమా లెక్కల్లో పాతుకుపోయిన గీతే తప్ప ఆ గీత దగ్గర శరీరంలో ఏదో మారిపోతుందని కాదు. భారతదేశంతో కలిపి ఏడు దేశాల్లో, గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు అప్పటికే ఉన్న 2,717 మంది మీద జరిగి 2016లో వెలువడిన సేవ్ అనే అధ్యయనంలో సీప్యాప్ ఇచ్చినవారు సగటున రాత్రికి 3.3 గంటలే యంత్రం వాడారు. గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గినట్టు అందులో తేలలేదు, పగటి మగత తగ్గడం, మనసు తేరుకోవడం, బతుకు నాణ్యత మెరుగుపడటం మాత్రం తేలాయి. గుండెను కాపాడే తాయెత్తుగా అమ్మేవారి మాట కన్నా ఈ ఫలితమే నిజాయితీగా ఉంది. మధ్యాహ్నం బండి నడుపుతూ కునుకు తీయకపోవడం చిన్న లాభం కాదు.

సాక్షి లేనివారి సంగతి దీనికన్నా కష్టం. సిల్తరా కర్మాగారంలో పనిచేస్తూ గదిలో ఒంటరిగా ఉండే యువకుడికి, ఊరు మారుతూ రన్నింగ్ రూముల్లో పడుకునే లోకో పైలట్‌కు, భర్త పోయాక వెనుక గదిలో ఒంటరిగా పడుకునే తల్లికి రాత్రి వినేవాళ్లు లేరు. ముట్లు ఆగిన తరువాత స్త్రీలలో ఈ జబ్బు పెరుగుతుంది, కానీ వారిలో అది గురక కన్నా అలసటగా, నిద్రపట్టకపోవడంగా, దిగులుగా ఎక్కువ కనిపిస్తుంది కనుక డాక్టరు కూడా దాన్ని వయసు ఖాతాలో, భర్త పోయిన దుఃఖం ఖాతాలో రాసేస్తాడు. వేలికి, ఛాతీకి తగిలించుకుని ఇంట్లోనే ఒక రాత్రి పడుకుంటే చాలనే చిన్న పరీక్షా పరికరాలు ఇలాంటివారికి ఎంతో ఉపయోగం. కానీ ఆ పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికో ఒకరికి రావాలి.

అది వచ్చేది తరచు పెళ్లిళ్లలో. పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో పెళ్లికి రాయపూర్ నుంచి రాత్రి బండి ఎక్కే మనిషికి సీప్యాప్ సంచి మొదటి తలనొప్పి: రైలు పెట్టెలోని 110 వోల్టుల సాకెట్ యంత్రానికి సరిపోవచ్చు, కానీ రాత్రి 11 తరువాత చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేసే పద్ధతి ఉంది కనుక వెంట బ్యాటరీ ఉండాలి. రెండో తలనొప్పి కళ్యాణమండపం హాలు, అక్కడ ముప్పై మంది బంధువులు ఒకే వరసలో పడుకుంటారు, పాత రైల్వే క్వార్టర్ల రోజులు మళ్లీ వస్తాయి, మాస్కు పెట్టుకున్న అల్లుడు పిల్లలకు వినోదమవుతాడు. తెల్లవారి కాఫీల దగ్గర పెద్దమ్మలూ పిన్నమ్మలూ లెక్క తీస్తారు: రాత్రి ఎవరెవరు గురక పెట్టారు, ఎవరి గురక మధ్యలో ఆగి జనాన్ని భయపెట్టింది, మిషను పెట్టుకున్నవాడు మాత్రం చప్పుడు లేకుండా ఎలా పడుకున్నాడు. ఆ కబుర్లు అయ్యేలోగా ఒక వదిన పక్కకు వచ్చి యంత్రం ఎంతకు వచ్చిందని, ముందు ఆ పరీక్ష ఎక్కడ చేస్తారని, మీ అన్నయ్య ఒప్పుకోకపోతే ఏం చేయాలని అడుగుతుంది. వెనుక గదిలో పడుకున్న అత్తగారు పొద్దున్నే అలసిపోయి లేచిన సంగతి కూడా, అడగకుండానే, చెబుతుంది.